మిషనరీలు కట్టిన హెరాల్డ్ నౌక ఎందుకు త్వరగా పోయింది?

న్యూజిలాండ్‌లో మిషనరీలు కట్టుకున్న హెరాల్డ్ అనే తెరచాప నౌక రెండేళ్ల పైచిలుకుకే పోవడానికి ముఖ్య కారణం ఆ దేశపు పడమటి తీరంలోని హొకియాంగా రేవు మొగ దగ్గరి ఇసుక మేట. 1826 జనవరి 24న పైహియా తీరంలో నీటిలోకి దిగిన ఆ ఓడ 1828 మే నెలలో ఆ మేట దగ్గరే ధ్వంసమైంది.

ఆస్ట్రేలియాకు, న్యూజిలాండ్‌కు మధ్యనున్న టాస్మన్ సముద్రం మీదుగా వచ్చే పెద్ద అలలు ఆ మేట మీద లోతు తగ్గగానే నిట్టనిలువుగా లేచి విరుగుతాయి. పైగా మేట ఒకచోట నిలవదు, ఇసుక కదిలితే దారీ మారుతుంది. అంత ఇరుకులో గాలి పడిపోయిందంటే తెరచాప ఓడను తిప్పుకునే వీలే ఉండదు.

ఆవిరి ఇంజను ఉన్నా గండం తప్పదు. 1863 ఫిబ్రవరి 7న అదే పడమటి తీరంలోని మనుకావ్ మేటపై బ్రిటిష్ యుద్ధనౌక ఆర్ఫియస్ చిక్కుకుని 189 మంది చనిపోయారు.

పని తెలియని బోధకులు కట్టారు కాబట్టే హెరాల్డ్ మునిగిందని ఎవరైనా అనుకోవచ్చు. అది అన్యాయమైన మాట. కట్టించిన మిషనరీ హెన్రీ విలియమ్స్ బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసినవాడు. తిండి సరుకుల కోసం, తుపాకుల వ్యాపారం చేసే వర్తక ఓడల మీద ఆధారపడకుండా ఉండటం కోసం ఆయన ఈ 55 టన్నుల ఓడ కట్టించాడు. అది టాస్మన్ సముద్రం దాటి సిడ్నీకి కూడా వెళ్లివచ్చింది.