పరాన్నజీవి జీవక్రియకు నమూనా కట్టబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో నీ పరిశోధనాంశం ఖాయమైందనీ, ప్లాస్మోడియం ఫాల్సిపారమ్ జీనోమ్ ఆధారంగా ఆ మలేరియా పరాన్నజీవి జీవక్రియకు గణిత నమూనా కట్టబోతున్నాననీ రాశావు. పనిని ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు కనుక చెబుతున్నాను. సాఫ్ట్‌వేర్ జోలికి పోకముందే, పరాన్నజీవికి ఎర్ర రక్తకణం నుంచి, రక్తరసం నుంచి ఏయే పదార్థాలు అందుతాయో, ఏవి అందవో, ప్రతిదానికీ ఆధారం ఏమిటో ఒక పట్టిక రాసుకో. నీ నమూనా మంచిచెడ్డలు చాలావరకు ఆ పట్టికలోనే తేలిపోతాయి.

ఎందుకంటే, ఈ పద్ధతులన్నీ మొదట ఇ.కోలై వంటి బ్యాక్టీరియాల మీద రూపుదిద్దుకున్నాయి. గ్లూకోజు, కొన్ని లవణాలు ఇస్తే చాలు, ఆ జీవి తనకు కావలసినవన్నీ తానే తయారు చేసుకుంటుంది కాబట్టి, ఒక మార్గంలో, అంటే వరుసగా జరిగే రసాయన చర్యల్లో, ఎంజైమ్ కనబడకపోతే దాని జన్యువును మనమే గుర్తించలేకపోయామని భావించి, లేని చర్యలను నమూనాలో చేర్చే గ్యాప్ ఫిల్లింగ్ ప్రోగ్రాముతో ఆ ఖాళీని పూరించడం అక్కడ సమంజసమే. పరాన్నజీవి విషయంలో అదే ఖాళీ చాలాసార్లు నిజమైన ఖాళీ. డీఎన్ఏ నిర్మాణానికి కావలసిన ప్యూరిన్లను ప్లాస్మోడియం మొదటినుంచి తయారు చేసుకోలేదు. రక్తకణం నుంచి హైపోజాంథిన్ అనే సిద్ధంగా ఉన్న ప్యూరిన్ తీసుకుని వాడుకుంటుంది. ప్రోగ్రామును దాని దారిన వదిలేస్తే ప్యూరిన్ తయారీకి కావలసిన చర్యలను తానే చేర్చేస్తుంది, నమూనా చక్కగా పెరుగుతుంది, కానీ అది ఇక ప్లాస్మోడియం కాదు. డీఎన్ఏకు కావలసిన రెండో రకం, పిరిమిడిన్ల విషయం దీనికి సరిగ్గా తలకిందులు: వాటిని అది తానే తయారు చేసుకుంటుంది, బయటినుంచి తీసుకోలేదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి, బయట దొరికే న్యూక్లియోసైడ్లన్నింటికీ (చక్కెరతో కలిసిన ప్యూరిన్లు, పిరిమిడిన్లు) ద్వారాలు, అంటే నమూనాలోకి పదార్థాలు వచ్చే దారులు, తెరిచావంటే, మందులకు లక్ష్యంగా పనికొచ్చే ఎంజైములు నీ నమూనాలో అనవసరమైనవిగా కనిపిస్తాయి.

అమైనో ఆమ్లాల దగ్గర ఒక మంచి పరీక్ష ఉంది. పరాన్నజీవి రక్తకణంలోని హీమోగ్లోబిన్‌ను జీర్ణించుకుని వాటిని సంపాదిస్తుంది. అయితే వయోజనుల హీమోగ్లోబిన్‌లో ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం లేదు, అది బయటినుంచి రావలసిందే. నీ నమూనాలో ఐసోల్యూసిన్ ద్వారం ఒక్కటి మూసి చూడు. పెరుగుదల ఆగకపోతే, లేని చర్య ఏదో లోపల చేరిందని అర్థం.

ఇక జన్యువు ఉన్నంత మాత్రాన ఆ మార్గం అన్ని దశల్లోనూ అవసరమని అనుకోకు. హీమ్ అనే ఇనుము ఉన్న అణువు తయారీకి కావలసిన ఎంజైములు ప్లాస్మోడియానికి ఉన్నాయి, కానీ రక్తదశలో ఆ మార్గం లేకపోయినా అది బతుకుతుంది. దోమలోనూ కాలేయంలోనూ బతకలేదు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపు గోడలో చూసిన దశకూ, నీవు నమూనా కట్టబోయే రక్తదశకూ జీనోమ్ ఒకటే, జీవక్రియ అవసరాలు వేరు. కనుక ఏ దశకు కడుతున్నావో మొదటి పేజీలోనే రాసిపెట్టు. పరాన్నజీవి కణంలో ఉండే అపికోప్లాస్ట్ అనే చిన్న భాగం సంగతి ఇంకా ఆసక్తికరం. 2011లో ఎల్లెన్ యే, జోసెఫ్ డెరిసి అనే శాస్త్రవేత్తలు, అక్కడ తయారయ్యే ఐసోపెంటెనైల్ పైరోఫాస్ఫేట్‌ను బయటినుంచి అందిస్తే, రక్తదశ పరాన్నజీవి అపికోప్లాస్ట్‌ను పూర్తిగా కోల్పోయినా బతుకుతుందని నిరూపించారు. నీ నమూనా కూడా అలాగే ప్రవర్తించాలి: ఆ పదార్థం అందితే అపికోప్లాస్ట్ చర్యలన్నీ తీసేసినా పెరగాలి, అందకపోతే ఆగిపోవాలి. ఇంత స్పష్టమైన పరీక్ష చాలా జీవుల విషయంలో దొరకదు, దాన్ని వదులుకోకు.

జన్యువుల పేర్ల విషయంలో ఓపిక కావాలి. 2002లో ఈ జీనోమ్ ప్రచురితమైనప్పుడు 14 క్రోమోజోముల్లో దాదాపు 5,300 జన్యువులను లెక్కించారు. వాటి ప్రోటీన్లలో సుమారు 60 శాతానికి అప్పటికి తెలిసిన వాటితో చెప్పుకోదగ్గ పోలిక లేదు. అప్పటినుంచి చాలా తెలిసింది కానీ, పోలికను బట్టి పెట్టిన పేర్లు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. ప్లాస్మోడియం జన్యువుల సమాచార నిధి ప్లాస్మోడీబీలో ప్రతి ఎంజైమ్ పేజీ చదివి, దాని కింద ప్రయోగం ఉందా, కేవలం పోలికేనా అన్నది నీ పట్టికలో వేరుగా గుర్తించు. హగాయ్ గిన్స్‌బర్గ్ ఏళ్లతరబడి చేత్తో కూర్చిన మలేరియా జీవక్రియ పటాలు కూడా దగ్గర పెట్టుకో. స్వయంచాలకంగా తయారైన పటాల కంటే వాటినే నేను ఎక్కువ నమ్ముతాను. పొరల గుండా పదార్థాలను చేరవేసే ప్రోటీన్ల దగ్గర ఆధారాలు అన్నింటికంటే పలచగా ఉంటాయి కనుక, అక్కడ ఊహించి చేర్చిన ప్రతి చర్యకూ కారణం పక్కనే రాయి.

లెక్కల భాగం నీకు కష్టం కాదు. ద్వారాలన్నీ మూసినప్పుడు నమూనా కణానికి శక్తినిచ్చే ఏటీపీని తయారు చేయకూడదన్నది మాత్రం మార్పు చేసిన ప్రతిసారీ సరిచూసుకో. కణం పెరగడానికి ఏయే పదార్థాలు ఎంతెంత కావాలో చెప్పే బయోమాస్ సమీకరణాన్ని ఇ.కోలై నుంచి అరువు తెచ్చుకోకు. ఈ పరాన్నజీవి కొవ్వులు వేరు, దాని డీఎన్‌ఏలో ఏ, టీ (అడెనిన్, థైమిన్) అక్షరాలు కలిసి 80 శాతం ఉంటాయి.

2018లో ఫాల్సిపారమ్ జన్యువులను పెద్దఎత్తున యాదృచ్ఛికంగా భంగపరచి, ఏవి అవసరమో తేల్చిన సమాచారం వెలువడింది. నమూనాను దానితో పోల్చేటప్పుడు సరిపోయిన శాతం చూసి సంతోషపడి ఊరుకోకు. సరిపోని జన్యువులనే ఒక్కొక్కటిగా పట్టుకో. నమూనా అక్కర్లేదని చెప్పిన జన్యువు ప్రయోగంలో అవసరమని తేలితే, నీవు తెరవకూడని ద్వారం తెరిచి ఉండవచ్చు, లేదా ఆ ఎంజైమ్‌కు ఎవరికీ తెలియని మరో పని ఉండవచ్చు. ఈ రెండో అవకాశం కోసమే ఈ శ్రమంతా. మొదటిది కాదని పట్టిక చూసి నిర్ధారించుకున్న తర్వాతే ప్రయోగశాల వాళ్ల దగ్గరికి వెళ్లు.

పట్టిక ఒక కొలిక్కి వచ్చాక నాకు పంపు. ప్యూరిన్ల వరుసలు ముందుగా చదువుతాను.