మూడోసారి పేరు పెట్టి పిలిచాడు

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. మాది నిజామాబాద్ జిల్లాలో ఒక పల్లె. బీకాం పూర్తయ్యాక హైదరాబాద్ వచ్చి అబిడ్స్‌లో ఒక పెద్ద బట్టల దుకాణంలో బిల్లింగ్ పనిలో చేరాను. నారాయణగూడలో హాస్టల్లో ఉంటున్నాను. రాత్రి తొమ్మిదిన్నరకు పని ముగుస్తుంది. బొగ్గులకుంట, కింగ్‌కోఠి మీదుగా నడిచే వెళతాను. రోజూ ఆటోకు పెడితే నెలాఖరుకు ఇంటికి పంపడానికి ఏమీ మిగలదు. రెండు వారాల్లో మూడుసార్లు ఒకతను బైకు మీద నా వెంట వచ్చాడు. మొదటిరోజు ‘ఎక్కడికి వెళ్లాలి, దింపనా’ అన్నాడు. నవ్వి ‘వద్దండీ’ అన్నాను. రెండోసారి ఏమీ మాట్లాడకుండా హాస్టల్ సందు దాకా వచ్చాడు. మూడోసారి నన్ను పేరు పెట్టి పిలిచాడు. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. నా గదిలో ఉండే అమ్మాయి ‘పట్టించుకోకు, వాడే పోతాడు’ అంటోంది. ఇంట్లో చెబితే నాన్న మరుసటి బస్సుకే వచ్చి తీసుకెళ్లిపోతారు. పెళ్లి మాట ఎప్పటి నుంచో ఉంది. మొదటిరోజు నవ్వడం నా తప్పేనా? ఈ ఉద్యోగం వదులుకోవాల్సిందేనా? – ఒక సోదరి

జవాబు: అమ్మా, నా కూతురి కంటే చిన్నదానివి కాబట్టి ‘నువ్వు’ అనే అంటాను.

ముందు ఆ నవ్వు సంగతి. ఎవరైనా పలకరిస్తే మర్యాదగా కాదనడం మన ఇళ్లలో ఆడపిల్లకు మాటలు వచ్చిన నాటి నుంచి నేర్పుతారు. నువ్వు అదే చేశావు. ‘వద్దండీ’ అన్నది వద్దనడమే. ఆ మాట వినపడిన తరువాత కూడా రెండోసారి వచ్చినవాడిది తప్పు. దీని మీద ఇక ఒక్క రాత్రి కూడా నిద్ర పోగొట్టుకోకు.

నన్ను కలవరపెట్టింది ఇంకొకటి. రెండు వారాలుగా ఇది జరుగుతుంటే, ఈ నగరంలో ఒకే ఒక్క మనిషికి తెలుసు. ఆ అమ్మాయి కూడా పట్టించుకోవద్దంది. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదింటి వరకు నువ్వు ఎక్కడ ఉన్నావో, ఎంతసేపట్లో చేరాలో ఎవరికీ తెలియదు. చీకటి సందు కన్నా నాకు ఇదే పెద్ద ప్రమాదంగా కనిపిస్తోంది. వెంటపడేవాడికి కావలసింది కూడా నీ మౌనమే. అది ఉన్నంతకాలం అతను ఇంకో అడుగు ముందుకు వేస్తాడు. వేశాడు కూడా: మొదట మాట, తరువాత హాస్టల్ సందు, ఆ తరువాత పేరు. వాడే పోతాడు అనుకోవడానికి ఇందులో ఒక్క గుర్తూ లేదు.

పేరు ఎలా తెలిసిందా అని నువ్వు కుమిలిపోతూ ఉంటావు. నాకు తోచింది చెబుతాను. దుకాణంలో నీ మెడలో గుర్తింపు కార్డు ఉంటుంది కదా? పని అయ్యాక దాన్ని తీసి సంచిలో పెట్టుకుంటున్నావా, అలాగే వేసుకుని నడుస్తున్నావా? చాలామంది అమ్మాయిలు గదికి చేరి మంచం మీద కూర్చున్నాక గాని దాన్ని తీయరు. కార్డు మీద పేరు, ఫొటో, దుకాణం పేరు అన్నీ పెద్ద అక్షరాల్లో ఉంటాయి. వీధి దీపం కింద ఎదురుగా వచ్చేవాడు సులువుగా చదివేస్తాడు. రేపటి నుంచి గుమ్మం దాటకముందే అది సంచిలోకి వెళ్లాలి. కార్డు వల్ల కాకపోతే అతను మీ దుకాణానికో, హాస్టల్‌కో, నువ్వు రోజూ టిఫిన్ చేసే చోటుకో వచ్చిపోయేవాడై ఉండాలి. బిల్లు మీద కూడా కొన్నిచోట్ల బిల్లు వేసినవారి పేరు అచ్చవుతుంది. మీ దుకాణంలో ఎలా ఉందో చూసుకో. ఇది పోలీసులకు పనికొచ్చే విషయం.

నీ ఉత్తరం అందిన వారంలోనే ఒక రాత్రి నేను ఆ దారిలో నడిచాను. కాగితం మీద చదివితే అర్థం కాని సంగతి ఒకటి అక్కడ తెలిసింది. తొమ్మిది దాటేవరకు అబిడ్స్‌లో భుజానికి భుజం తగిలేంత జనం. ఆ తరువాత షట్టర్లు ఒకదాని వెనుక ఒకటి ధనధన దిగుతాయి. అట్టపెట్టెలు కట్టలు కట్టి రోడ్డు వారన పడేస్తారు. టీ కొట్టతను గిన్నె కడిగిన నీళ్లు కాలువలోకి పారబోసి దీపం ఆర్పేస్తాడు. అరగంటలో అదే వీధి ఎవరిదీ కాని వీధి అయిపోతుంది. నువ్వు సరిగ్గా ఆ అరగంటలో నడుస్తున్నావు. వ్యాపార వీధులకు ఉన్న చిక్కే ఇది. ఇళ్లున్న వీధిలో పదింటికైనా ఏదో ఒక కిటికీలో వెలుగు ఉంటుంది, ఎవరో అరుగు మీద కూర్చుని ఉంటారు. దుకాణాల వీధిలో షట్టరు దిగితే చూసే కన్ను ఉండదు. ఆదివారం మరీను. పగలంతా మూసిన దుకాణాల ముందు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరుస్తారు. సాయంత్రం వాళ్లు మూటలు కట్టుకున్నాక మిగతా రోజుల కంటే ముందే ఆ చోటు బోసిపోతుంది. ఆదివారం నీకు పని ఉంటే ఆ ఒక్కరోజు ఖర్చుకు వెనుకాడక ఆటో ఎక్కు.

మిగతా రోజులకు ఇంకో దారి ఉంది. కోఠి వైపు నడిచి సుల్తాన్‌బజార్ మెట్రో స్టేషన్‌లో ఎక్కితే తరువాతి స్టేషనే నారాయణగూడ. ఆ వేళకు రైళ్లు నడుస్తూనే ఉంటాయి, మహిళలకు వేరుగా చోటు ఉంటుంది, స్టేషన్లో కెమెరాలు, కాపలా సిబ్బంది ఉంటారు. బైకు మీద వచ్చినవాడు రైల్లో నీ వెంట రావాలంటే బండి వదిలి, టికెట్టు కొని, అందరి ముందు నిలబడాలి. కోఠి వైపు నడక కూడా జనం మధ్య నుంచే సాగాలంటే పని ముగిసిన వెంటనే బయలుదేరాలి. దుకాణంలో నీతో పాటు ఇంటికి వెళ్లే అమ్మాయిలు కచ్చితంగా ఉంటారు. ఒకరి కోసం ఒకరు ఐదు నిమిషాలు ఆగి కలిసి వెళ్లండి. రోజూ ఒకే నిమిషానికి, ఒకే దారిన ఒంటరిగా నడిచే మనిషిని వెంబడించడం చాలా తేలిక.

నడవాల్సివచ్చిన చోట రోడ్డుకు కుడివైపున నడు. మన దగ్గర బండ్లు ఎడమవైపున వెళతాయి కాబట్టి, కుడి పక్కన నడిస్తే నీ పక్కన ఉన్న బండ్లన్నీ ఎదురుగా వస్తుంటాయి. వెనుక నుంచి మెల్లగా వచ్చి పక్కన చేరడం కుదరదు. సంచి తెంపుకుపోయే దొంగలకు కూడా ఇది అడ్డే. సంచిని రోడ్డు వైపు భుజానికి కాకుండా గోడ వైపు వేసుకో. ఎవరైనా బండి మీద వెంట వస్తున్నారనిపిస్తే వేగంగా ముందుకు పరుగెత్తకు. వెనక్కి తిరిగి, వచ్చిన దిక్కుకే నడు. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డయితే అతను ఎక్కడో మలుపు దాకా వెళ్లి తిరిగి రావాలి. ఆలోపు మందుల దుకాణంలోకో, హోటల్లోకో వెళ్లిపో. ఆ దారిలో రాత్రి ఆలస్యంగా తెరిచి ఉండే చోట్లు రెండు మూడు పగటిపూటే చూసి పెట్టుకో. ఒకరోజు వెళ్లి ఏ జలుబు మాత్రలో కొని, ‘అన్నా, రోజూ ఈ దారినే వెళతాను, ఒకతను వెంటపడుతున్నాడు, అవసరమైతే ఇక్కడికి వస్తాను’ అని చెప్పు. అలా చెప్పిన అమ్మాయిని మనవాళ్లు గుర్తుపెట్టుకుంటారు. ఆ తరువాత నువ్వు దాటే వేళకు ఒకసారి తలెత్తి చూస్తారు. చెవుల్లో పాటలు మాత్రం వద్దు. మిరియాల స్ప్రే కొనుక్కుంటే కొనుక్కో. కానీ సంచి అడుగున ఉన్నది అవసరానికి అందదు, ఎదురు గాలి వీస్తే నీ కళ్లలోనే పడుతుంది. దాని మీద భరోసా పెట్టుకుని చీకటి దారి ఎంచుకోకు.

అతను వెంట ఉన్నప్పుడు మాత్రం హాస్టల్ సందులోకి తిరగకు. నీ గుమ్మం ఏదో అతనికి చూపించాల్సిన పని లేదు. వైఎంసీఏ కూడలి దగ్గర వెలుతురులో ఆగి, 112కు ఫోన్ చెయ్యి. ఫోను సెట్టింగుల్లో అత్యవసర సహాయం అనే చోట చూడు. పవర్ బటన్‌ను వరసగా కొన్నిసార్లు నొక్కితే కాల్ వెళ్లే ఏర్పాటు చాలా ఫోన్లలో ఉంది. ఎన్నిసార్లన్నది ఫోనును బట్టి మారుతుంది, అందుకే ముందే తెలుసుకోవాలి. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పంపితే పావుగంట, గంట, ఎనిమిది గంటలు అని అడుగుతుంది. బయలుదేరేటప్పుడు గంట అని నొక్కి ఇద్దరికి పంపు. వాళ్లలో ఒకరు హాస్టల్లో, ఒకరు ఇంట్లో ఉండాలి. ఒంటరిగా ప్రయాణించే ఆడవాళ్ల కోసం తెలంగాణ పోలీసులు నడిపే టీ-సేఫ్ సేవ కూడా ఉంది. 2024 మార్చిలో మొదలైంది. నువ్వు ఎక్కిన ఆటో దారి తప్పిందేమో వాళ్లు గమనిస్తారు.

ఇప్పుడు ఫిర్యాదు సంగతి. నువ్వు తప్పించుకు తిరగడంతో ఇది ఆగదు. అందుకే దీని గురించి గట్టిగా చెబుతున్నాను.

ఈ రోజే కూర్చుని ఆ మూడు సంఘటనల తేదీలు, సమయాలు, చోట్లు, అతను అన్న మాటలు కాగితం మీద రాసుకో. బైకు రంగు, నంబరు ప్లేటులో గుర్తున్న ముక్క, టీఎస్ అని ఉందా టీజీ అని ఉందా, ఏది గుర్తుంటే అది. నంబరు మొత్తం లేదని ఆగిపోవద్దు. ఆ వీధుల్లో కెమెరాలున్నాయి, మీ దుకాణం ముందూ ఉంటుంది. అయితే వాటిలోని దృశ్యాలు కొన్ని రోజులకే చెరిగిపోతాయి, ఆలస్యం చేస్తే ఆధారం పోతుంది.

ఆడవాళ్లను వేధించేవారిని పట్టుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్, హైదరాబాద్‌లో 2014 అక్టోబరు నుంచి పనిచేస్తున్నాయి. మామూలు దుస్తుల్లో వస్తారు, నువ్వు చెప్పిన వేళకు నువ్వు చెప్పిన దారిలో ఉండి కళ్లారా చూసి పట్టుకుంటారు. నీ వివరాలు బయటపెట్టరు. కేసు పెట్టాలనుకుంటే వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి రుజువైతే మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు జైలు. ఇష్టం లేదని స్త్రీ స్పష్టంగా తెలిపినా పదేపదే వెంబడించి మాట కలపాలని చూడటమే ఆ నేరానికి అర్థం. నువ్వు ‘వద్దండీ’ అన్నది అందుకే ముఖ్యం. మళ్లీ ఎదురైతే నలుగురున్న చోట నవ్వకుండా, గట్టిగా ‘నా వెంట రావద్దు’ అని ఒక్కసారి అను. ఆపైన వాదన పెట్టుకోకు. అతను ఎదురైతే గాని ఫిర్యాదు ఇవ్వకూడదని మాత్రం అనుకోకు. ఈ మూడుసార్లు చాలు.

స్టేషన్‌కు వెళితే ఇది అబిడ్స్ పరిధి, కాదు నారాయణగూడ పరిధి అని తిప్పుతారేమోనని భయపడతావు. అలా తిప్పకూడదు. జీరో ఎఫ్ఐఆర్ అనే పద్ధతి ఉంది, పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లో ఇచ్చినా తీసుకోవాలి. ఇలాంటి నేరంలో నీ ఫిర్యాదును మహిళా అధికారే రాసుకోవాలని చట్టం చెబుతోంది. ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. ఒంటరిగా వెళ్లకు. హాస్టల్ వార్డెన్‌ను తీసుకెళ్లు. ఆమెకు ముందు చెప్పు, ఎందుకంటే ఆ సందు ఆమెది కూడా, అక్కడ ఇంకా ఎంతోమంది ఆడపిల్లలున్నారు. దుకాణం మేనేజరుకూ చెప్పు. ఉద్యోగం పోతుందేమోనని సంకోచించకు. తన దగ్గర పనిచేసే పిల్ల ఇల్లు చేరడం గురించి పట్టించుకోవడం ఆయన బాధ్యత.

ఇక నాన్న. నువ్వు రాసిన దానిలో నాకు అన్నిటికంటే బరువుగా తోచింది ఆ వాక్యమే. నా దగ్గరకు వచ్చిన ఒక తల్లి, కూతురు ఆరు నెలలు ఇలాంటిదే దాచిందని తెలిసి ఏడ్చింది. ‘నాకెందుకు చెప్పలేదు’ అని అడిగితే ఆ పిల్ల అన్న మాట: ‘చెబితే నన్నే ఇంట్లో పెడతారు కదమ్మా, వాణ్ని కాదు.’ ఆ తల్లి దగ్గర దానికి జవాబు లేదు. మీ ఇంట్లో ఆ పరిస్థితి రాకూడదు.

నాన్నకు రాత్రి భయం మీద ఫోన్ చేయకు. ఫిర్యాదు ఇచ్చిన మరునాడు, పొద్దున, ఆయన పొలం నుంచి వచ్చి టీ తాగే వేళకు చెయ్యి. జరిగింది దాచకుండా చెప్పు. ఆ వెంటనే నువ్వు చేసింది చెప్పు: ఫలానా స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాను, వార్డెన్ నాతో వచ్చారు, ఇప్పుడు మెట్రోలో వెళుతున్నాను, రోజూ పదింటికి మీ ఫోనుకు మెసేజ్ వస్తుంది. భయం ఒక్కటే వినిపిస్తే ఆయన బస్సు ఎక్కుతారు. భయంతో పాటు ఏర్పాటు కూడా వినిపిస్తే ఆలోచిస్తారు. అప్పటికీ బయలుదేరితే రానివ్వు. స్టేషన్‌కు, దుకాణానికి, మెట్రోకు తీసుకెళ్లి అన్నీ చూపించు. పెళ్లి మాట వస్తే అది వేరే మాట, వేరే రోజు మాట్లాడుకుందామని చెప్పు. ఈ రెండిటినీ ఎవరు కలిపినా నువ్వు విడదీస్తూ ఉండు.

నాన్నగారూ, ఈ పేజీ మీ చేతికి వస్తే ఒక విన్నపం. ‘వచ్చెయ్’ అనే మాట మీ నోటి చివర ఉందని నాకు తెలుసు, ఆ మాట ప్రేమతోనే వస్తుంది. దాన్ని ఒక్క నెల ఆపి, రోజూ రాత్రి పదింటికి ఫోను దగ్గర పెట్టుకుని కూర్చోండి. మీ అమ్మాయి నెలాఖరుకు ఇంటికి డబ్బు పంపాలని రెండు కిలోమీటర్లు నడుస్తోంది. వీలైతే ఆ నెల పంపవద్దని, ఆటోకు వాడుకోమని చెప్పండి.

అమ్మా, ఉద్యోగం వదలకు. ఒకవేళ ఫిర్యాదు తరువాత కూడా అతను హాస్టల్ దగ్గర కనబడితే దారి మార్చడంతో సరిపెట్టుకోకుండా హాస్టల్ మారు. అది ఓటమి అని ఎవరైనా అంటే వినకు. 181 మహిళా హెల్ప్‌లైన్‌కు రాత్రి ఏ వేళకైనా ఫోన్ చేయవచ్చు. నిద్ర పట్టని రాత్రి మాట్లాడటానికైనా సరే. ఫిర్యాదు తీసుకున్నారో లేదో, కాగితం చేతికి ఇచ్చారో లేదో, నాన్న ఏమన్నారో నాకు రాయి. తీసుకోకపోతే అదీ రాయి, తరువాత ఏం చేయాలో చెబుతాను.