టిఫ్ సమావేశానికి వెళ్లే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

షికాగోలో ఇల్లు కొని ఏడాది తిరగకముందే నిన్ను వార్డు సలహా సంఘంలోకి రమ్మన్నారా! సంతోషం. వచ్చే వారం టిఫ్ నిధుల మీద, అంటే ఒక ప్రాంతంలో పెరిగిన ఆస్తి పన్నును అక్కడి బాగుకే కేటాయించే నిధుల మీద, నీ అభిప్రాయం అడుగుతారని రాశావు. నేను శివారు పట్టణాల ఖాతాలు చూస్తూ ఇరవై ఆరేళ్లు గడిపాను. ఆ అనుభవంతో నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు దాని మర్మం తెలుసుకో. నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి పొలంలో ఒక మడికి బోరు వేశారనుకో. బోరుకు ముందు ఆ మడి ఎంత ఇచ్చేదో అంతే ఇకమీదటా నలుగురూ పంచుకుంటారు. పైన పెరిగిన రాబడి అంతా ఆ మడి బాగుకే వాడాలి, 23 ఏళ్ల పాటు. టాక్స్ ఇంక్రిమెంట్ ఫైనాన్సింగ్, పొట్టిగా టిఫ్, అంటే ఇదే. ఇక్కడ మడి అంటే నగరం హద్దులు గీసిన ఒక ప్రాంతం, రాబడి అంటే అక్కడి ఆస్తి పన్ను, అన్నదమ్ములు బడులు, పార్కులు, కౌంటీ, నగరం. ఇల్లినాయి రాష్ట్రం దీనికి 1977లో చట్టం చేసింది. షికాగో 1984లో నగరం నడిబొడ్డున, లూప్‌లో మొదలుపెట్టింది. ఇప్పుడు నగరంలో ఇలాంటి మడులు వందకు పైనే ఉన్నాయి. శాసనసభ ఒప్పుకుంటే గడువు పెరిగి మొత్తం 35 ఏళ్ల దాకా సాగుతాయి.

చిక్కు ఎక్కడంటే, పంట బోరు వల్ల పెరిగిందా, వాన బాగా కురిసి పెరిగిందా అని ఎవరూ విడదీసి చూడరు. ఊరంతా ధరలు పెరిగితే ఆ పెరుగుదల కూడా టిఫ్ ఖాతాలోకే పోతుంది. ఈ సాయం లేకపోతే ఇక్కడ అభివృద్ధి జరగదని నగరం ముందుగా చూపించాలని చట్టంలో ఉంది. ఆ కాగితం తప్పకుండా అడిగి చదువు. చాలాసార్లు అది అతి పలుచని కాగితం.

"ఇది కొత్త పన్ను కాదండీ" అని సభలో ఎవరో ఒకరు చెబుతారు. అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. ఇల్లినాయిలో బడులు, పార్కులు తమకు ఫలానా మొత్తం కావాలని ముందే తేల్చి, దాన్ని ఆస్తుల విలువ మీద పంచుతాయి. టిఫ్‌లో పెరిగిన విలువ ఆ పంపకంలోకి రాదు కనుక మిగిలిన విలువ మీద రేటు పెరుగుతుంది. ఆ పెంపు టిఫ్ హద్దుల బయట ఉన్నవాళ్ల బిల్లుల్లోనూ కనిపిస్తుంది.

ఇక ఖర్చు సంగతి. ప్రతి టిఫ్ ప్రాంతానికీ ఏటా రాష్ట్ర ఖాతాలు చూసే అధికారి కంప్ట్రోలరుకు నివేదిక వెళ్తుంది. అందులో నిల్వ చూసి "ఇంత డబ్బు ఉంది కదా" అని లేచి మాట్లాడకు. ఆ నిల్వలో కొంత బాండ్ల వాయిదాలకు కట్టుబడి ఉంటుంది, కొంత బిల్డర్లతో రాసుకున్న ఒప్పందాలకు, కొంత ఆనుకుని ఉన్న మరో టిఫ్‌కు బదిలీకి. ఇవన్నీ తీసివేస్తే ఎంత మిగులుతుందో అడుగు. అడిగేవాళ్లు అరుదు కాబట్టి జవాబు చెప్పేవాళ్లు కాస్త తడబడతారు. జవాబు వచ్చేదాకా నువ్వు ఓపికగా ఆగు.

బిల్డరుకు డబ్బు ఎప్పుడు ఇస్తారన్నది అన్నిటికన్నా ముఖ్యం. నేను పనిచేసిన ఒక పట్టణంలో బాండ్లు అమ్మి, ఆ సొమ్మును బిల్డరు చేతిలో ముందే పోశారు. దుకాణం మూడేళ్లకు మూతపడింది. ఊరు వాయిదాలు కడుతూనే ఉంది. ఆ కాగితాలు నా బల్ల మీదుగానే వెళ్లాయి, నేనూ నోరు మెదపలేదు. షికాగో ఉత్తర భాగంలో నది ఒడ్డున తలపెట్టిన భారీ కట్టడాల పథకం లింకన్ యార్డ్స్ దీనికి ఎదురు ఉదాహరణ. 2019 ఏప్రిల్‌లో 1.3 బిలియన్ డాలర్ల వరకూ టిఫ్ సాయం ఆమోదించినప్పుడు నగరమంతా రచ్చ జరిగింది. తర్వాత ఆ నేలలో చాలా భాగం ఏళ్ల తరబడి ఖాళీగానే ఉంది. అయితే బిల్డరు కట్టాక తిరిగి చెల్లించే పద్ధతి కావడంతో, కట్టని వాటికి నగరం డబ్బు పోలేదు.

మిగులు గురించి, అంటే టిఫ్ ఖాతాలో ఖర్చుకాక మిగిలి బడులు, పార్కులు, నగరం లాంటి వాటాదారులకు తిరిగి పంచే డబ్బు గురించి కూడా మాట్లాడతారు. 2025 బడ్జెట్టులో షికాగో సుమారు 570 మిలియన్ డాలర్లను టిఫ్ మిగులుగా ప్రకటించింది. అందులో సగానికి పైగా బడుల వాటా. అది దానం కాదమ్మా, వాళ్ల సొమ్మే ఆలస్యంగా చేరింది. పైగా ఒక ఏడాది దొరికిన మిగులుతో ఏటా ఇచ్చే జీతాలు నడపాలని చూస్తే మరుసటి ఏడాది మళ్లీ చేయి చాచాలి.

రైళ్ల కోసం పెట్టే టిఫ్ వేరే రకం, అందులో బడుల వాటా ముందే తీసి ఇచ్చేస్తారు. రెడ్ లైన్ అనే నగర రైలు మార్గాన్ని 95వ వీధి నుంచి 130వ వీధి దాకా పొడిగించడానికి 2022 డిసెంబరులో అలాంటిదే ఒకటి ఆమోదించారు. డబ్బు పుట్టేది మాత్రం అక్కడికి మైళ్ల దూరంలో, లూప్ దక్షిణాన. ఒక మడి పంటతో ఇంకో మడికి నీళ్లు పెట్టడం నాకు తప్పనిపించదు, కాగితం మీద దాచకుండా చెబితే చాలు.

డెవాన్ వీధిలో హోటలు పెట్టిన మీ స్నేహితురాలికి చిన్న వ్యాపారాలకిచ్చే టిఫ్ సాయం ఉందని చెప్పు. దుకాణం టిఫ్ హద్దుల్లో ఉండాలి, అనుమతి రాకముందు పని మొదలుపెట్టకూడదు, పని పూర్తయ్యాకే డబ్బు వస్తుంది. అప్పు చేసి దిగేముందు ఇది తెలియాలి.

మీ టిఫ్ నివేదికలు మూడేళ్లవి అచ్చు తీసి ఉంచు. ఆదివారం వస్తాను, ఒప్పందాల పేజీలు కలిసి చదువుదాం. పెసరట్టు పిండి మీ అత్తయ్య పంపుతానంది.

ఇట్లు,
మీ మామయ్య