రక్షణ పొందావా అని అడిగితే

"మా ఆఫీసులో ఒకతను 'రక్షణ పొందావా బ్రదర్' అన్నాడు, కొండ లడ్డూ ఇస్తేనేమో దండం పెట్టి వద్దన్నాడు. ఈ ఇవాంజెలికల్స్ అసలేం నమ్ముతారు?" అని కదా మీ ప్రశ్న. నాదీ తిరుపతే. పుట్టింది లూథరన్ (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక పాత శాఖ) ఇంట్లో, ఇరవై ఆరేళ్ళప్పుడు మీ కొలీగ్ లాంటోళ్ళ సంఘంలోకి పోయినోణ్ణి.

డేవిడ్ బెబ్బింగ్టన్ అనే చరిత్రకారుడు 1989లో వీళ్ళకు నాలుగు గుర్తులు చెప్పాడు. బైబిలే ఆఖరి మాట, అన్నిటికీ సిలువే మూలం, మారుమనస్సు (పాపం విడిచి దేవుని వైపు తిరగడం) తప్పదు, నమ్మినోడు నలుగురికీ చెప్పకుండా ఉండడు. త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడనడం), పునరుత్థానం (యేసు చనిపోయి తిరిగి లేవడం), రెండవ రాకడ (ఆయన మళ్ళీ రావడం) మిగతా క్రైస్తవులూ నమ్మేవే.

అసలు కీలకం రక్షణ దగ్గరుంది. మన పాపానికి పడాల్సిన శిక్షను యేసు సిలువ మీద మోశాడు, నమ్మినోడికి క్షమాపణ ఉచితం, మంచి పనులు దాని వెనక వస్తాయేగానీ దానికి ధర కావు అంటారు. "ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అని బైబిల్లో ఎఫెసీ పత్రిక 2:8. తలనీలాలు, నిలువుదోపిడీ చూస్తూ పెరిగిన మన ఊరోళ్ళకు ఇది వింతగానే ఉంటుంది: మొక్కు లెక్కే లేదు. (ఆచరణలో "ఉద్యోగమొస్తే సాక్ష్యం చెప్తా ప్రభువా", అంటే నువ్వు చేసిన మేలు సంఘంలో అందరి ముందూ చెప్తా అని మొక్కుకునేవాళ్ళు మా సంఘంలోనే బోలెడుమంది, అది వేరే కథ.)

రెండోది, క్రైస్తవుల ఇంట్లో పుట్టినంత మాత్రాన క్రైస్తవుడివి కావు. యోహాను సువార్త మూడో అధ్యాయంలో నీకొదేము అనే యూదు పెద్దతో యేసు అన్నట్టు కొత్తగా జన్మించాలి. నాకూ మా అవ్వకూ చెడింది ఇక్కడే. మాది 1860లలో జర్మనీ హెర్మన్స్‌బర్గ్ మిషనరీలు మొదలుపెట్టిన సంఘం. పసిబిడ్డగా నన్ను ఒళ్ళో పెట్టుకుని బాప్తిస్మం ఇప్పించింది అవ్వే. నేనేమో సొంతంగా నమ్మాకే తీసుకోవాలని మళ్ళీ ముంచుడు బాప్తిస్మానికి పోయినా. స్వర్ణముఖిలో నీళ్ళు లేవు, చంద్రగిరి పక్కన మామిడితోటలో బోరు తొట్టి. నడుము లోతు, పాచి పట్టి కాలు జారుతోంది. పాస్టర్ గారు ముక్కు మూసి వెనక్కి వంచి ముంచారు. తడి బట్టల సంచితో ఇంటికొస్తే అవ్వ ఒకటే మాట: "అయితే నేను పోయించింది ఉత్త నీళ్ళేనా రా అబ్బోడా?" జవాబు చెప్పలేకపోయినా. తమాషా ఏంటంటే, విశ్వాసంతోనే రక్షణ అని ముందు గట్టిగా అన్నది మా లూథరన్ శాఖకు మూలపురుషుడైన మార్టిన్ లూథరే. గుంటూరు లూథరన్ సంఘం పేరులోనే 'ఇవాంజెలికల్' ఉంది. ఇవాంజెలికల్స్‌లోనూ పసిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చేవాళ్ళున్నారు.

ఇక లడ్డూ. బైబిల్లో మొదటి కొరింథీ పత్రిక పదో అధ్యాయంలో తొలినాటి బోధకుడు పౌలు, అవిశ్వాసి భోజనానికి పిలిస్తే పెట్టింది ఏమీ అడక్కుండా తినండి అంటాడు. ఇది విగ్రహానికి అర్పించింది అని ఎవరైనా చెప్తే మాత్రం తినొద్దు. మీరు "కొండ లడ్డూ" అనే ఇచ్చుంటారు, ఆయన ఆగిపోయాడు. మిమ్మల్ని తక్కువ చేసి కాదు. బొట్టు, నగలు వద్దనడం సంఘాన్ని బట్టి మారే కట్టుబాటు, మూల విశ్వాసం కాదు.

ఇంకా తెలుసుకోవాలనుంటే సిద్ధాంతం అడక్కండి, "మీ సాక్ష్యం చెప్పండి" అనండి. తామెప్పుడు, ఎలా మారారో చాలామంది తేదీతో సహా చెప్తారు. టీ బ్రేక్ మాత్రం చాలదు, మధ్యాహ్నం క్యారియర్ తెచ్చుకుని కూర్చోండి.