బండి సందేహాలు: సిల్వర్ కారుకు ఏ పెయింట్? ఏ క్లియర్?

ప్రశ్న: మాది 2011 వ్యాగన్‌ఆర్, సిల్కీ సిల్వర్. ఇంజన్‌కు ఢోకా లేదు కానీ బానెట్ మీదా, టాప్ మీదా పైపొర పొలుసులు పొలుసులుగా లేచిపోతోంది. మా బావమరిది దగ్గర కంప్రెసర్, స్ప్రే గన్ ఉన్నాయి. పెరట్లో షెడ్డులో మేమే కొట్టుకుందామని ఉంది. షాపులో ఒకాయన ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ చాలన్నాడు, ఇంకొకాయన పీయూ (పాలీయురేథేన్) కొట్టమన్నాడు. ఏది కొనాలి? (ఒక పాఠకుడు, అమలాపురం)

జవాబు: మీ బండికి ఊడుతున్నది రంగు కాదండీ, దాని మీది క్లియర్, అంటే రంగులేని పారదర్శక పొర. కింద ఉండే రంగు పొరను బేస్ అంటారు, సిల్వర్ బేస్‌కు సొంత మెరుపంటూ ఉండదు. కొట్టి ఆరాక చూడండి, తడారిన సిమెంటు గచ్చులా ఉంటుంది. మెరుపు, ఎండను తట్టుకునే శక్తి రెండూ క్లియర్‌వే. కాబట్టి ఖర్చు ఎక్కడ తగ్గించుకున్నా సరే, క్లియర్ దగ్గర మాత్రం బేరాలొద్దు. హార్డ్‌నర్ (గట్టిపరిచే ద్రవం) కలిపి కొట్టే 2కే, అంటే రెండు భాగాల పీయూ క్లియరే తీసుకోండి. హార్డ్‌నర్, థిన్నర్ కూడా అదే కంపెనీవి కొనండి. ఎంత కలపాలో డబ్బా మీద ఉంటుంది, కళ్లతో అంచనా వేయకండి.

ఎన్‌సీ కొట్టడం తేలికే, తొందరగా ఆరుతుంది కూడా. కానీ అది థిన్నర్ ఎగిరిపోయి ఆరే సరుకు, అలాంటిది మళ్లీ తగిలితే కరుగుతుంది. పెట్రోలు పోయించేటప్పుడు నాలుగు చుక్కలు కారినా మచ్చ పడుతుంది. పైగా మీది కోనసీమ. గాలిలో చెమ్మ ఉన్న రోజు కొడితే తెల్లగా మసకబారుతుంది.

కొనేముందు ఒక పని చేయండి. బండికి ఇదివరకెప్పుడైనా బయట పెయింట్ వేయించారో లేదో తేలాలి. క్లియర్ పోయిన చోట కాకుండా, బాగున్న చోట ఓ మూల ఎన్‌సీ థిన్నర్‌లో ముంచిన తెల్లగుడ్డ పెట్టి కాసేపు నొక్కి రుద్దండి. గుడ్డకు రంగు అంటిందా, అది పాత ఎన్‌సీ. దాని మీద పీయూ పడితే ముడతలు లేచే ప్రమాదం ఉంది, మొత్తం గీకాల్సిందే. అంటకపోతే నిశ్చింత.

లేచిన క్లియర్ మీదే మళ్లీ క్లియర్ కొట్టేస్తే సరిపోతుందని కొందరు చెబుతారు, నమ్మకండి. కింది పొర ఊడినప్పుడు పైది ఎక్కడ నిలుస్తుంది? వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) ఊడిన చోటి అంచు చేతికి తగలనంతవరకూ రుద్దాలి.

షేడ్ కలపడానికి జెడ్2ఎస్ అనే కోడ్ చెప్పండి. అయినా ఇన్నేళ్లు ఎండలో నిలిచిన బండికి అది అచ్చంగా కలవకపోవచ్చు. చిన్న రేకు ముక్క మీద బేస్ కొట్టి, క్లియర్ కూడా వేసి, ఆరాక ఎండలో బండి పక్కన పెట్టి చూడండి. క్లియర్ వేయని ముక్కతో పోల్చడం దండగ. ఇంకోమాట, సిల్వర్ తడిగా పడితే ముదురుగా, పొడిగా పడితే లేతగా కనిపిస్తుంది. చెయ్యి ఒకే వేగంతో పోకపోతే చారలు పడతాయి. కొత్తవాళ్లకు అన్నిటికంటే టెన్షన్ పెట్టే రంగు ఇదే.

ఇక అసలు విషయం. పీయూ హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఆ తుంపర పీల్చితే ఆస్తమా పట్టుకోవచ్చు, ఒకసారి పట్టుకున్నాక కొంచెం తగిలినా ఊపిరాడదు. ముక్కుకు కట్టుకునే గుడ్డ, దుమ్ము మాస్కు దీన్ని ఆపలేవు. బయటినుంచి మంచి గాలి అందించే మాస్కు కావాలి. పెరటి షెడ్డులో, పక్కన పిల్లలు తిరిగేచోట ఈ పని వద్దంటాను. విజయవాడ ఆటోనగర్‌లో గన్ పట్టి బతికినవాణ్ని, ఊరికే భయపెట్టడం లేదు. బిల్లులో పెద్ద భాగం రుద్దుడు, లప్పం కూలీయే. అవన్నీ తడిపేపరుతో మీరిద్దరూ ఇంట్లో చేసుకోండి. ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత), బేస్, క్లియర్ మాత్రం స్ప్రే బూత్ (పెయింట్ కొట్టే ప్రత్యేక గది) ఉన్న షాపులో కొట్టించండి. అలా ఒప్పుకునే షాపులు దొరుకుతాయి, ముందే మాట్లాడుకోండి. ఈలోగా బండికి డాష్‌బోర్డు పాలిష్ పూయకండి. అందులోని సిలికాన్ రేకుకు అంటితే పెయింట్ గుంటలు గుంటలుగా విడిపోతుంది.

సిల్వర్‌కు సిల్వరే కాబట్టి ఆర్‌సీ గొడవ లేదు. మధ్యలో మనసు మారి ఎరుపో నీలమో కొట్టించాలనుకుంటే మాత్రం ముందు ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి, రంగు ఆర్‌సీలో రాసి ఉంటుంది.