మీరడగండి: మంచి కంపెనీదే సార్, అయినా చినిగింది

ప్రశ్న: సార్ నాకు 27 ఏళ్ళు, తిరుపతి కొర్లగుంటలో ఉంటాము, పెళ్ళై ఐదు నెలలు. ఇంకో రెండేళ్ళు పిల్లలు వద్దనుకోని కండోమే వాడతా ఉండాము, కానీ ఇప్పటికి రెండుసార్లు చినిగిపోయింది, రెండోది మొన్న ఆదివారమే. మంచి కంపెనీదే కొంటాను. ఇంట్లో అమ్మానాయన, చెల్లెలు అందరూ ఉంటారు కాబట్టి ప్యాకెట్ బండి డిక్కీలో పెట్టి ఒకటి మాత్రం పర్సులో ఉంచుకుంటా. నా భార్యకి మంటగా ఉందంటే కొంచెం కొబ్బరి నూనె రాసినాము. మా ఫ్రెండేమో ఒకదానిమీద ఒకటి రెండు వేసుకోమంటాడు. అట్ల చేయొచ్చా?

జవాబు: అబ్బోడా, తప్పు యాడుందో నీ ఉత్తరంలో నువ్వే వరసగా రాసేసినావు, మళ్ళీ నన్నడుగుతా ఉండావు. డిక్కీ, పర్సు, కొబ్బరి నూనె. పాపం కంపెనీవాడి తప్పేమీ లేదు.

మే నెలలో మధ్యాహ్నం లీలామహల్ సర్కిల్లో ఎండకి పెట్టిన బండి సీటు మీద కూర్చోని చూడు, ఆ సీటు కింద డిక్కీలో ఉన్న రబ్బరు గతి ఏమవుతుందో తెలుస్తుంది. కండోమ్ అంటే పల్చటి లేటెక్స్ రబ్బరే కదా, వేడికి బిరుసెక్కిపోతుంది. పర్సులో అయితే నువ్వు కూర్చున్నప్పుడల్లా నలుగుతుంది, ఒంటి వేడి తగుల్తుంది, మడత దగ్గర కవర్ కూడా అరిగిపోతుంది. బయటికి పోయేటప్పుడు ఒక పూట పర్సులో పెట్టుకుంటే ఏం కాదు, నెలల తరబడి అందులోనే ఉండకూడదు. ఇంట్లో బీరువాలో బట్టల కింద పెట్టుకో, పెళ్ళైన కొడుకు బీరువా ఎవరు సోదా చేస్తారబ్బా.

కొబ్బరి నూనె, వాజలిన్, బేబీ ఆయిల్, వెన్న, ఇవేవీ లేటెక్స్‌కి పనికిరావు. నూనె తగిలితే నిమిషాల్లోనే రబ్బరు బలం పోతుంది, కంటికి మాత్రం బాగున్నట్టే కనిపిస్తుంది, అదే మోసం. మెడికల్ షాపులో నీళ్ళ ఆధారంగా చేసిన జెల్ అడుగు, ట్యూబుల్లో దొరుకుతుంది. కొంతమందికి మంట ఆ రబ్బరు పడకనే వస్తుంది, జెల్ వాడినా తగ్గకుంటే పాలీయురెథేన్‌వి ఉంటాయి, వాటికి మారొచ్చు. రెండు వేసుకుంటే ఒకదానికొకటి రాసుకోని ఇంకా తొందరగా చినుగుతాయి కాబట్టి మీ ఫ్రెండుకి కూడా ఈ పేజీ చూపించు.

ఇంక వేసుకునే పద్ధతి. అందరూ వచ్చని అంటారు గానీ, నేను అడిగితే పదిమందిలో ఒక్కరు కూడా మొత్తం కరెక్టుగా చెప్పలేదు. ముందు డేట్ చూడు, తర్వాత కవర్ని వేళ్ళ మధ్య పెట్టి మెత్తగా నొక్కు, లోపల గాలి బుడగ తగిలితే కవర్ బాగున్నట్టు. లోపలున్నదాన్ని ఒక పక్కకి జరిపి గాట్లు పెట్టిన అంచు దగ్గర చేత్తోనే చించు, పళ్ళతో వద్దు, కత్తెర అసలే వద్దు. అంగం గట్టిపడినాక, లోపలికి తగలక ముందే వేసుకోవాల, మధ్యలో ఆగి వేసుకోవడం కాదు, ముందొచ్చే నీళ్ళలో కూడా వీర్యకణాలు ఉండొచ్చు. కండోమ్ ముందు కొసని రెండు వేళ్ళతో నొక్కి గాలి తీసేసి, చుట్ట బయటివైపు ఉండేట్టు పెట్టి మొదలు దాకా దించాల. దిగకుంటే తిరగేసి పెట్టినట్టు లెక్క, దాన్నే మళ్ళీ తిప్పి వేసుకోకుండా పారేసి కొత్తది తీసుకో. కొన దగ్గర గాలి ఉండిపోవడం కూడా చినగడానికి ఒక కారణం. అయిపోయినాక మెత్తబడక ముందే మొదట్లో పట్టుకోని బయటికి తీయాల. ముడేసి, పేపర్లో చుట్టి చెత్తబుట్టలో వేయి, బాత్రూంలో వేసి నీళ్ళు కొడితే పైపు జామ్ అయ్యి ప్లంబర్ ముందు మీ నాయన నిలబడాల్సి వస్తుంది.

ఏడాది పొడుగునా ప్రతిసారీ ఇట్లా కరెక్టుగా వాడితే 100 జంటల్లో 2 జంటలకే గర్భం వస్తుంది, మామూలుగా జనం వాడే తీరులో అయితే 13. ఆ తేడా పైన చెప్పిన చిన్నచిన్న తప్పులవల్ల, ఒక్కోసారి అసలు వేసుకోకపోవడంవల్ల వస్తుంది.

మొన్న ఆదివారం సంగతికొస్తే, అట్ల చినిగినప్పుడు గర్భం రాకుండా మీ ఆవిడ లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర 72 గంటల్లోపు వేసుకోవాల, ఎంత ముందైతే అంత మంచిది. పత్రిక నీ చేతికొచ్చేసరికి ఆ గడువు దాటిపోయుంటుంది, కాబట్టి ఇప్పుడు నెలసరి తప్పి వారమైతే ఒకసారి యూరిన్ కిట్‌తో చూసుకోండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, చిత్తూరు నుంచి రాస్తున్నాను, వయసు 34. కవర్లోంచి కండోమ్ తీసి వేసుకునేలోపే అంగం మెత్తబడిపోతుంది. బస్టాండ్ దగ్గర గోడ మీద చూసి ఒకచోటికి పోతే పదివేల మందు రాసిచ్చినారు. వాడమంటారా?

జవాబు: వద్దు. లోపల ఏముందో పేరు కూడా రాయని పొడి అది. ఉదయం లేచేసరికి గట్టిగా ఉంటోందా లేదా? ఉంటే ఒంట్లో లోపం ఉండే అవకాశం తక్కువ, మీది కంగారు. చీకట్లో కవర్ వెతుక్కోని, చించలేక, ఏ వైపో తెలీక తడుముకుంటా ఉంటే ఎవరికైనా అంతే. ఒంటరిగా ఉన్నప్పుడు నాలుగైదు సార్లు వేసుకోని తీసి అలవాటు చేసుకోండి, కవర్ చేతికందేట్టు పెట్టుకోండి, ఆమెకి ఇష్టమైతే ఆమెనే వేయమనండి. మరీ బిగుతుగా ఉంటే కొలత మార్చండి, ప్యాకెట్ మీద వెడల్పు మిల్లీమీటర్లలో ఉంటుంది, సిగ్గుపడి చేతికొచ్చింది కొనేస్తే ఎట్ల.

పొద్దున కూడా ఉండటం లేదంటే షుగర్, బీపీ చూపించుకోండి, సిగరెట్ ఉంటే మానండి, ఈ సమస్య కొందరిలో గుండె జబ్బుకి ముందస్తు హెచ్చరిక. ఛాతీ నొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్ళు అంగం గట్టిపడటానికి ఇచ్చే సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటివి వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది, సొంతంగా కొనొద్దు.

ప్రశ్న: అన్నా, రేణిగుంట, లారీ తోల్తాను. బయట ఒకచోట పోయినప్పుడు కండోమ్ జారి లోపలే ఉండిపోయింది. నిన్న రాత్రి జరిగింది. భయంగా ఉంది.

జవాబు: ఇది వాట్సాప్‌లో వచ్చింది కాబట్టి ఆ రోజే ఫోన్‌లో చెప్పేసినాం, మిగతావాళ్ళ కోసం ఈడ రాస్తున్నా. హెచ్‌ఐవీ రాకుండా మందులు ఉన్నాయి, 72 గంటల్లోపు మొదలుపెట్టాల, 28 రోజులు ఒక్కరోజు కూడా మానకుండా వేసుకోవాల. తిరుపతి రుయా ఆస్పత్రికి పో, చిత్తూరు వాళ్ళు జిల్లా ఆస్పత్రికి. ఐసీటీసీలో, అంటే సర్కారు హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రంలో, టెస్ట్ ఫ్రీ, 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం, కోర్టు ఆదేశం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప, నీ ఒప్పుకోలు లేకుండా రిజల్ట్ బయట చెప్పకూడదు. పోయేలోపు ఏదైనా అడగాలంటే 1097కి ఫోన్ చేయి, దానికీ డబ్బుల్లేవు.

మూడు నెలల టెస్ట్ అయ్యేదాకా ఇంట్లో కూడా కండోమ్ వాడు. అంగం మీద నొప్పి లేని పుండు వచ్చి దానంతటదే మానిపోయినా తగ్గిందిలే అనుకోవద్దు, సిఫిలిస్ అట్లనే వస్తుంది, పైన మాని లోపల ఉండిపోతుంది. ఆ పుండు చూపించడానికి డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు మీ ఆవిణ్ణి కూడా పిల్చుకోని పో, మందు ఇద్దరికీ కావాల్సి రావచ్చు.