పని గురించి అడుగు, బిడ్డా

మహబూబ్‌నగర్

బిడ్డా,

నువ్వు పంపిన మూడు వ్యాసాల్లో రెండు చదివాను. నల్లగొండ వైపు నుంచి సినిమాల్లోకి, టీవీలోకి వెళ్లిన ఆడవాళ్ల గురించి వరుసగా రాయాలనుంది, చదివేవాళ్లు ఉంటారా అని అడిగావు. ఉంటారు. కానీ ఇప్పుడు రాసినట్టే రాస్తే మొదటి రెండు చదివి ఆపేస్తారు. రెండింటిలోనూ కథ ఒకటే మరి. పేద ఇల్లు, వద్దన్న నాన్న, కన్నీళ్లు, పట్టుదల, చివర్లో కూతుర్ని టీవీలో చూసి మురిసిపోయిన అదే నాన్న. ఊరి పేరు మార్చి ఎవరికైనా అతికించొచ్చు. 'మట్టిలో మాణిక్యం' అన్న మాట రెండు చోట్లా ఉంది. రెండు చోట్లా కొట్టేశాను, ఏమనుకోకు.

డబ్బింగ్ చెప్పే అమ్మాయి మీద రాసింది తీసుకుందాం. ఆమె తల్లి ఎంత కష్టపడిందో తెలిసింది, ఆమె ఎన్ని పస్తులుందో తెలిసింది. ఆమె చేసే పని ఏమిటో మాత్రం తెలియలేదు. రోజుకు ఎన్ని గంటలు మైకు ముందు నిలబడుతుంది? ఏడుపు సీన్లు వరసగా పడిన రోజు గొంతు ఏమవుతుంది? మన సీరియళ్లలో హీరోయిన్లు చాలామంది కన్నడ దేశం నుంచి వచ్చినవాళ్లు. సెట్లో పక్కనుంచి ఎవరో ప్రాంప్టింగ్ ఇస్తుంటే విని పలుకుతారు. మనం వినే గొంతు తర్వాత స్టూడియోలో పడుతుంది. తెలుగు రాని పెదవులు ఒక క్షణం ఆలస్యంగానో, సగం మాట మింగుతూనో కదిలితే, ఆ కదలిక మీద సరైన మాటను ఎట్ల కూర్చోబెడుతుంది? ఇది అడిగితే ఆమె నీకు చేసి చూపించేది. ఆ వ్యాసం ఇంకెవరూ రాయలేనిది అయ్యేది.

ఇంకొకటి. ఆమెది మిర్యాలగూడ దగ్గర పల్లె అని రాశావు. మరి ఆమె యాస ఏమైంది? చాలా ఏళ్లు మన మాటను తెర మీద నవ్వించేవాళ్లకు, రౌడీలకు ఇచ్చారు. హీరోయిన్‌కు గొంతు ఇవ్వాలంటే మన పిల్ల తన మాటను ఇంట్లో వదిలి వెళ్లాల్సి వచ్చేది. 2017లో 'ఫిదా' వచ్చింది. హీరోయిన్ సినిమా అంతా తెలంగాణ యాసలోనే మాట్లాడింది. ఆ గొంతు తమిళనాడు నుంచి వచ్చిన సాయిపల్లవి సొంత గొంతు. ఆ తర్వాత నీ డబ్బింగ్ అమ్మాయిని ఎవరైనా 'మీ ఊళ్లో మాట్లాడినట్టు మాట్లాడు' అని అడిగారా? ఏళ్ల తరబడి దిద్దుకున్న నాలుకను వెనక్కి తిప్పడం ఎంత కష్టమైంది? దానికి ఒక రూపాయి ఎక్కువిచ్చారా? పస్తుల కంటే నాకు ఈ సంగతి తెలుసుకోవాలని ఉంది.

నేపథ్యం అనగానే నువ్వు కులం, ఊరు, తండ్రి వృత్తి ఒక పేరాలో రాసి ముందుకు వెళ్లిపోయావు. అవి రాయాలి, కాదనను. కానీ వాటికి పనితో ఏం సంబంధమో చెప్పకపోతే జనాభా లెక్కల ఫారం నింపినట్టు ఉంటుంది. నేను ముందు చూసేది ఒకటే: పని నేర్చుకునే చోటు ఆమెకు ఎక్కడ దొరికింది?

పాత పేర్లు తీసుకో. 1932లో తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి వేసిన సురభి కమలాబాయి నాటకాల కుటుంబంలో పుట్టింది. సురభి వాళ్లకు ఇల్లే స్టేజీ. 1949లో 'మనదేశం' తీసి ఎన్.టి. రామారావును తెరకు పరిచయం చేసిన కృష్ణవేణికి ఇంట్లోనే శోభనాచల స్టూడియో ఉంది. 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో డైరెక్ట్ చేసిన భానుమతికి, ఆమె భర్తకు భరణి సంస్థ ఉంది. విజయనిర్మల చిన్నప్పుడే సెట్ల మీద పెరిగింది, తర్వాత సొంత బ్యానర్ పెట్టుకుంది, 44 సినిమాలు డైరెక్ట్ చేసింది, 2002లో గిన్నిస్ రికార్డు పుస్తకంలోకి ఎక్కింది. కెమెరా వైపు చూసినా అంతే. 1985లో తమిళంలో ఛాయాగ్రాహకురాలిగా నిలబడిన బి.ఆర్. విజయలక్ష్మి దర్శక నిర్మాత బి.ఆర్. పంతులు గారి కూతురు. వీళ్ల ప్రతిభను తక్కువ చేయడం లేదు. ప్రతిభ ఉన్న ఆడవాళ్లు ఎంతోమంది ఉండగా 'కెమెరా ఇక్కడ పెట్టండి' అని చెప్పే అధికారం ఎవరికి దొరికిందో చూడమంటున్నాను. స్టూడియో గేటు తాళం ఇంట్లో ఉన్నవాళ్లకే దొరికింది. సావిత్రి అంత పెద్ద నటి, 1968లో చుట్టూ ఆడవాళ్లనే పెట్టుకుని 'చిన్నారి పాపలు' డైరెక్ట్ చేసింది. సంగీతం పి. లీల. సినిమా ఆడలేదు. అయినా ఆమె తర్వాత ఇంకా సినిమాలు డైరెక్ట్ చేసింది. సావిత్రి అంత పేరు లేని మనిషి సంగతి ఏమిటి? ఫెయిలైన మగ డైరెక్టర్‌కు రెండో సినిమా ఇచ్చినంత తేలిగ్గా ఆడ డైరెక్టర్‌కు ఇస్తారా అన్నది నువ్వు కలిసే ప్రతి అసిస్టెంట్ డైరెక్టర్‌నూ అడగదగ్గ ప్రశ్న.

ఇప్పుడు నల్లగొండ పిల్ల సంగతి చూడు. ఆమె ఇంట్లో స్టూడియో లేదు, నాటకాల కంపెనీ లేదు. బస్సెక్కి నార్కట్‌పల్లి, చౌటుప్పల్ దాటి వెళ్తుంటే దారిలో రామోజీ ఫిల్మ్ సిటీ బోర్డు కనిపిస్తుంది. ఆ గేటు లోపలికి ఎట్ల వెళ్లింది? కోఆర్డినేటర్ ద్వారానా, చుట్టం ద్వారానా, ఆడిషన్‌కా? మొదట ఎవరి పక్కన నిలబడి నేర్చుకుంది? వాళ్లు నేర్పారా, చూసి దొంగిలించిందా? రాత్రి షూటింగ్ అయ్యాక ఎక్కడ పడుకుంది? 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఉచిత బస్సు ఇచ్చే మహాలక్ష్మి పథకం వచ్చి ఛార్జీ బాధ తప్పింది కానీ, పన్నెండింటికి ప్యాకప్ చెబితే ఆ టైముకు బస్సెక్కడిది? హైదరాబాద్‌లో ఇల్లున్న అమ్మాయికీ ఈమెకూ తేడా అక్కడ మొదలవుతుంది. ఆ తేడా ఎంత ఖర్చో లెక్క రాయి. నేపథ్యం అంటే నాకు అదే.

సొంత ఇల్లూ స్టూడియో లేని చోట కూడా ఆడవాళ్లు పని నేర్చుకున్నారు. జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత రైతు మహిళలు, బడి ముఖం చూడనివాళ్లు కూడా, వీడియో కెమెరా పట్టి తమ పొలాల మీద, విత్తనాల మీద సినిమాలు తీశారు. 2008లో మాచనూరులో సంఘం రేడియో మొదలుపెట్టి నడిపారు. వాళ్లకు సంఘమే స్టూడియో అయింది. వీలైతే ఒకసారి పోయి చూసి రా. మన జిల్లా కాదే అనుకోకు. జగిత్యాల లంబాడిపల్లి గంగవ్వను చూడు. యూట్యూబ్ నుంచి 2020 బిగ్‌బాస్ దాకా వెళ్లింది. ఆమెకు చదువు రాదని రాయని వ్యాసం లేదు. చదువు రాని మనిషి డైలాగును ఎట్ల పట్టుకుంటుంది, విన్నదాన్ని తన మాటగా ఎట్ల మార్చుకుంటుంది అని అడిగిన వ్యాసం నేను చూడలేదు.

మేకప్ చేసే ఆమె మీద నువ్వు రాసిన రెండో వ్యాసంలో ఒక పెద్ద సంగతి దాటేశావు. మొదట హెయిర్ డ్రెస్సర్‌గా చేరిందని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. ఎందుకు అట్ల చేరింది? ముంబైలో ఒక సినీ కార్మికుల సంఘం ఆడవాళ్లకు మేకప్ ఆర్టిస్టుగా సభ్యత్వ కార్డు ఇచ్చేది కాదు. జుట్టు పని వరకే. చారు ఖురానా అనే మేకప్ ఆర్టిస్టు కోర్టుకు వెళ్తే, 2014 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ నియమం చెల్లదని చెప్పింది. తన ముఖానికి మేకప్ వేసేవాడు మగవాడే అయి ఉండాలన్న నియమం ఎంతమంది నటీమణులు మౌనంగా భరించారో! ఇక్కడ నీ మనిషి చేతిలో ఏ కార్డు ఉంది, ఎప్పుడు వచ్చింది, దానికి ఎంత కట్టింది, కార్డు రాకముందు ఎవరి పేరు మీద పని చేసింది? కార్డు చూపించమని అడుగు. సిగ్గుపడకు. పనివాళ్లు తమ కార్డును గర్వంగానే చూపిస్తారు.

డబ్బు గురించి అడగడం మొరటు అని నీకు ఎవరో చెప్పినట్టున్నారు. రెండు వ్యాసాల్లో ఒక్క అంకె లేదు. 'ఎంత ఇస్తారు' అంటే ముడుచుకుంటారు, నిజమే. 'ఎప్పుడు ఇస్తారు' అని మొదలుపెట్టు. బేటా, అంటే రోజువారీ ఖర్చుల డబ్బు, ఆ రోజే చేతికి వస్తుందా, చెక్కు ఎన్నాళ్లకు వస్తుంది, సీరియల్ మధ్యలో ఆగిపోతే మిగతా డబ్బు ఎవరు ఇస్తారు. ఈ మాటల మీద వాళ్లు గంట మాట్లాడతారు. ఆ గంటలో అంకె దానంతట అదే బయటికి వస్తుంది. అచ్చులో వేయొచ్చా అని అప్పుడు అడుగు. వద్దంటే వేయకు.

వేధింపుల గురించి ఎట్ల అడగాలని రాశావు. 'మీకు జరిగిందా?' అని ఎప్పుడూ అడగకు. చెప్పాలనుకున్నవాళ్లు చెబుతారు. 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి పని చేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి. 'మీ సెట్లో ఆ కమిటీ ఉందా, అందులో ఎవరున్నారో మీకు తెలుసా?' అని అడుగు. కేరళలో సినిమాల్లో పనిచేసే ఆడవాళ్ల ఇబ్బందుల మీద 2017లో వేసిన హేమ కమిటీ నివేదిక బయటికి రావడానికి 2024 ఆగస్టు దాకా పట్టింది. మన దగ్గరా 2019లో ప్రభుత్వం కమిటీ వేసింది. ఈ సంగతులు నీకు తెలిసి ఉంటే ఎదుటి మనిషి నిన్ను నమ్ముతుంది. ఆమె చెప్పింది ఆమెకు చదివి వినిపించకుండా మాత్రం అచ్చుకు పంపకు. మన పేపరు వాళ్లు తొందర పెడతారు, పెట్టనీ.

'హీరోయిన్లు ఎవరూ దొరకడం లేదు' అని బాధపడ్డావు. దొరక్కపోవడమే మంచిది, వాళ్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. తెలంగాణలో కవులు లేరని ఒకాయన అంటే, మా పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి గారు వాదన పెట్టుకోకుండా ఊరూరా కవుల వివరాలు తెప్పించి 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచిక వేశారు. నువ్వూ ఒక నోట్‌బుక్ పెట్టు. జూనియర్ ఆర్టిస్టు, కాస్ట్యూమ్, ఎడిటింగ్ అసిస్టెంట్, న్యూస్ చదివే అమ్మాయి, ప్రాంప్టింగ్ ఇచ్చే అమ్మాయి. హైదరాబాద్‌లో సినిమా పనివాళ్లు ఉండే కృష్ణానగర్‌లో మొదలుపెట్టు. తర్వాత మణికొండ చిత్రపురి కాలనీకి వెళ్లు. మీ తుంగతుర్తి నటుడు డాక్టర్ ప్రభాకర్‌రెడ్డి పేరు మీద ఉన్న సినీ కార్మికుల కాలనీ అది. సెట్ మీద కంటే ఇంటి దగ్గర, సెలవు రోజున కలిస్తే తీరికగా మాట్లాడతారు. సీరియళ్ల వైపు కూడా చూడు. 'చక్రవాకం', 'మొగలిరేకులు' ఏళ్ల తరబడి నడిపింది మంజులానాయుడు. రోజుకో ఎపిసోడ్ టెన్షన్‌తో ఒక యూనిట్‌ను నడపడం సినిమా కంటే తేలికేమీ కాదు, కానీ మన సినిమా చరిత్రలు రాసేవాళ్లకు టీవీ అంటే చిన్నచూపు.

మూడో వ్యాసం, ఆ పోచంపల్లి నేత ఇంటి నుంచి వచ్చిన కాస్ట్యూమ్ అమ్మాయిది, ఇంకా చదవలేదు. ఈ వారంలో చదివి పంపిస్తాను. ఈలోపు డబ్బింగ్ అమ్మాయికి ఫోన్ చేసి స్టూడియోలో ఒక పూట కూర్చోనిస్తుందేమో కనుక్కో. ఒప్పుకుంటే ఫోన్ సైలెంట్‌లో పెట్టి వెళ్లు, టేక్ మధ్యలో మోగితే ఆమెకే మాట పడుతుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ